హిందూస్తాన్ అని రాసున్న పులి బ్యాడ్జి: ఏ కాలంది, ఎవరిది?

శ్రావణి_చీరాల:
అందరికీ నమస్తే. మా నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున, పాత పట్టుచీర మడతల్లో ఒక లోహపు బ్యాడ్జి దొరికింది. రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. మధ్యలో ఇత్తడి పులి నిలబడి ఉంది, పైన రిబ్బను లాంటి తెల్ల పట్టీ మీద ఇంగ్లీషులో హిందూస్తాన్ అని ఉంది (యూ అక్షరం లేదు, దాని బదులు రెండు ఓలు వేశారు). కింద కూడా ఒక పట్టీ ఉంది కానీ అక్షరాలు బాగా అరిగాయి. మొదటి అక్షరం ఎల్, చివర్లో షైర్ అని మాత్రం తెలుస్తోంది.

మా ఇంట్లో చిన్నప్పటి నుంచి చెప్పే మాట ఏంటంటే, మా ముత్తాత మిలిటరీలో చేశాడు, నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజులో ఉన్నాడు, ఆ పులి గుర్తు అక్కడిదే అని. హిందూస్తాన్ అనే మాట కూడా ఉంది కాబట్టి ఎవరూ అనుమానపడలేదు. నాకైతే నిజం తెలియాలి. దీని వయసు ఎంత, ఎలా కనుక్కోవాలి? అమ్మే ఉద్దేశం లేదు.

కాకినాడ_కిరణ్:
శ్రావణి గారూ, ఆజాద్ హింద్ గుర్తుల్లో పులి ఉన్న మాట నిజమే. జర్మనీలో నేతాజీ పెట్టిన దళం వాళ్లు భుజం మీద వేసుకున్న బిళ్లలో మూడు రంగుల మీద దూకుతున్న పులి ఉంటుంది. అది గుడ్డ బిళ్ల, పులి గాల్లో ఉంటుంది. మీ పులి నేల మీద నిలబడి ఉందంటున్నారు, పైగా షైర్ అనే మాట ఉంది. షైర్ అంటే ఇంగ్లండులో జిల్లా. కాబట్టి ఇది బ్రిటిష్ రెజిమెంటుదే. ముందు వైపు ఫోటో పెట్టారు సరే, వెనక వైపు కూడా పెట్టండి.

బర్మింగ్‌హామ్_మధు:
కిరణ్ చెప్పింది కరెక్ట్. ఇది లీసెస్టర్‌షైర్ రెజిమెంట్ టోపీ బ్యాడ్జి, సందేహం అక్కర్లేదు. నా దగ్గర ఇలాంటివి రెండున్నాయి. ఇక్కడ ఆదివారం సంతల్లో పదిహేనేళ్లుగా వీటినే వెతుకుతున్నాను, అందుకని కొంచెం పెద్దగా రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

హిందూస్తాన్ అనే మాట చూసి ఇది మన దేశంలో తయారైందని చాలామంది అనుకుంటారు. అసలు కథ వేరు. ఈ రెజిమెంటు 1881కి ముందు నంబరుతో ఉండేది, 17వ కాలిబంటు రెజిమెంటు. వాళ్లు 1804 నుంచి 1823 దాకా మన దేశంలోనే ఉన్నారు, దాదాపు ఇరవై ఏళ్లు. తిరిగి వెళ్లాక 1825లో గౌరవంగా ఈ పులినీ హిందూస్తాన్ అనే మాటనీ పెట్టుకోమని రాజు అనుమతి ఇచ్చాడు. అప్పటి నుంచి వాళ్ల మారుపేరు కూడా టైగర్సే. అంటే ఆ మాట వాళ్ల పాత సర్వీసు గుర్తు, బ్యాడ్జి తయారైన చోటుకీ ఏడాదికీ దానితో సంబంధం లేదు.

ఇక వయసు. ఎవరైనా బ్యాడ్జి చూపిస్తే మొదట కిరీటం చూడమని చెబుతాం. మీ దాని మీద కిరీటమే లేదు. అందుకే కష్టం, అందుకే నాకు ఆసక్తి. వెనక వైపు ఫోటో రాకుండా ఒక్క ఏడాది కూడా చెప్పను.

తిరుమలగిరి_సురేష్:
మధు అన్నా, కిరీటం సంగతి చెప్పి వదిలేశావు, నాలాంటి కొత్తవాళ్ల కోసం కాస్త విడమరిచి చెప్పు. నా దగ్గర రాయల్ ఆర్టిలరీది ఒకటుంది, ఫిరంగి బొమ్మ, పైన కిరీటం. మా ఇంటి వెనక గోడ పునాది తవ్వుతుంటే దొరికింది. మాది తిరుమలగిరి కాబట్టి అప్పట్లో తెల్ల దొరల బ్యారక్‌లు ఇక్కడే ఉండేవి.

బర్మింగ్‌హామ్_మధు:
సురేష్ తమ్ముడూ, కిరీటం మూడు రకాలని పెట్టుకో. విక్టోరియా రాణి కాలపుది పైన బల్లపరుపుగా, భుజాలు కాస్త కోణంగా ఉంటుంది. ఆవిడ 1901 జనవరిలో పోయింది. తర్వాత ఎడ్వర్డ్ రాజు ట్యూడర్ కిరీటం తెచ్చాడు. దాని పైభాగం గుండ్రంగా, బోర్లించిన గిన్నెలా ఉంటుంది, మధ్యలో నొక్కు ఉండదు. దీన్ని బ్యాడ్జీలు సేకరించేవాళ్లు రాజు కిరీటం అంటారు. అది 1952 దాకా నడిచింది. ఎలిజబెత్ రాణి వచ్చాక పెట్టిన కిరీటానికి పైన మధ్యలో లోపలికి నొక్కు ఉంటుంది, తమలపాకు పైఅంచు లాగా. నీ ఫిరంగి మీద గిన్నె ఉందా తమలపాకు ఉందా చూడు.

ఒక్క జాగ్రత్త. 2022లో చార్లెస్ రాజయ్యాక మళ్లీ ట్యూడర్ కిరీటమే ఎంచుకున్నాడు. అంటే ఇప్పుడు కొత్తగా వస్తున్న బ్యాడ్జీల మీదా గుండ్రటి కిరీటమే వస్తుంది. కిరీటం ఒక్కటి చూసి 1910 అనేస్తే మోసపోతాం. లోహం కూడా చూడాలి. 1950ల నుంచి అల్యూమినియం మీద రంగు పట్టించి చేసే బ్యాడ్జీలు వచ్చాయి, స్టేబ్రైట్ అంటారు. చేతిలో పెట్టుకుంటే బరువే ఉండదు, బంగారంలా మెరుస్తుంది, పాలిష్ అవసరం లేదు. ఆ లోహంలో గుండ్రటి కిరీటం కనపడితే అది పాతది కాదు, మరీ కొత్తది.

తిరుమలగిరి_సురేష్:
గిన్నే అన్నా. ఇత్తడి, బాగా బరువుంది. మధ్యలో ఫిరంగి చక్రం చేత్తో తిప్పితే తిరుగుతోంది!

బర్మింగ్‌హామ్_మధు:
చక్రం తిరిగే రకం కూడా ఉంది, జాగ్రత్తగా ఉంచు, చక్రం ఊడిపోయినవే ఎక్కువ కనపడతాయి. 1902 నుంచి 1952 మధ్య ఎప్పుడైనా కావచ్చు. వేరే చర్చ మొదలుపెట్టి ఫోటోలు పెట్టు, ఇక్కడ శ్రావణి గారి పులి సంగతి తేలనిద్దాం.

కాకినాడ_కిరణ్:
పులి అనగానే నాకు ఇంకోటి గుర్తొస్తుంది, దాన్ని ఇక్కడ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. బ్రిటిష్ బ్యాడ్జీల మీద పులులు ఒకటి రెండు కాదు. హాంప్‌షైర్ వాళ్లకి పులి, యార్క్ అండ్ లాంకాస్టర్ వాళ్లకి గులాబీ కింద పులి, రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ వాళ్లకి మండుతున్న గ్రనేడ్ బంతి మీద పులి. అందరికీ మన దేశం నుంచి పోయినవే.

ఈ మన్‌స్టర్ వాళ్లది ఐర్లండ్ పేరు, కానీ పుట్టుక ఈస్టిండియా కంపెనీ వాళ్ల బెంగాల్ యూరోపియన్ రెజిమెంట్. 1862లో 101వ నంబరుతో రాణి సైన్యంలో కలిశారు, 1881లో మన్‌స్టర్ పేరు వచ్చింది. వాళ్ల యుద్ధ గౌరవాల జాబితాలో కాండోర్, మసులీపటం అని రెండు పేర్లున్నాయి. కాండోర్ అంటే ఏదో అనుకునేరు, మా పిఠాపురం దగ్గరి చందుర్తి! 1758 డిసెంబరులో కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చి, విజయనగరం ఆనంద గజపతి రాజుతో కలిసి ఫ్రెంచివాళ్లని అక్కడ ఓడించాడు. తర్వాత 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. సర్కారు జిల్లాలు ఫ్రెంచివాళ్ల చేతిలోంచి జారిపోయింది ఆ దెబ్బతోనే. నేను చందుర్తి పొలాల గట్ల మీద నడిచినప్పుడల్లా, ఈ ఊరి పేరు ఐర్లండ్ రెజిమెంటు జెండా మీద దాకా వెళ్లిందా అని ఒళ్లు జలదరిస్తుంది. వరి కోసిన నేల తప్ప అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు, అయినా ఏటా వెళ్తాను.

మన్‌స్టర్ బ్యాడ్జికి తేదీ కట్టడం కొంత సులువు. ఐర్లండ్ స్వతంత్రమయ్యాక 1922 జూలై 31న ఆ రెజిమెంటునీ, డబ్లిన్ ఫ్యుజిలియర్స్, కనాట్ రేంజర్స్ లాంటి మరికొన్నిటినీ రద్దు చేశారు. ఆ తేదీ తర్వాత వాళ్ల కోసం బ్యాడ్జి చేసిన అవసరమే లేదు. కాబట్టి దొరికింది అసలుదైతే 1922కి ముందుదే.

మాజీ_హవల్దార్:
కిరణ్ బాబూ, మంచి మాట చెప్పావు. చరిత్ర తెలిస్తే తేదీ దానంతటదే దొరుకుతుంది. నేను ఇరవై రెండేళ్లు మన సైన్యంలో చేసి రిటైరయ్యాను, క్వార్టర్ మాస్టర్ స్టోర్లో చాలాకాలం ఉన్నాను. బ్యాడ్జి మీద పేరులో ఒక్క అక్షరం మారినా స్టోర్లో పాత సరుకు ఎప్పుడు అయిపోతుందో, కొత్తది ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు. ఆర్డరు వచ్చిన రోజే అందరి టోపీ మీద కొత్తది రాదు. అందుకే కాగితం మీద మారిన ఏడాదికీ, నిజంగా టోపీ మీద మారిన ఏడాదికీ కొంత తేడా వదిలిపెట్టాలి. బ్యాడ్జీలు సేకరించేవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు.

శ్రావణి తల్లీ, కింది పట్టీలో ముందు రాయల్ అనే మాట ఉందేమో వేలితో తడిమి చూడు. అరిగిన అక్షరాలు కంటికి ఆనవు కానీ వేలికి తగులుతాయి. సాయంత్రం పూట టార్చి పక్క నుంచి వాలుగా వేస్తే నీడలు పడి కనిపిస్తాయి కూడా.

శ్రావణి_చీరాల:
చాలా థాంక్స్ బాబాయ్ గారూ. టార్చి వేసి చూశాను, నిజంగానే కనపడింది! లీసెస్టర్‌షైర్ అని ఒక్క మాటే ఉంది, పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆ అక్షరాలే నిండి ఉన్నాయి. రాయల్ లేదు, దానికి చోటు కూడా లేదు.

వెనక వైపు ఫోటో పెడుతున్నాను. ఫోటో అంత బాగా రాలేదు, అందుకని రాస్తున్నాను. పులి ఆకారం వెనక గుంటగా, తిరగబడినట్టు కనిపిస్తోంది. ఎడమ కుడి వైపుల్లో రెండు చిన్న కొంకీలు ఉన్నాయి. వాటిలో ఒకటి కొంచెం సన్నం, ఇంకోటి లావు, రెండూ ఒకేలా లేవు. మధ్యలో నిలువుగా ఒక మచ్చ ఉంది, అక్కడ ఏదో అతికించి ఊడిపోయినట్టు.

ఇంకో సంగతి. అమ్మ నిన్న చింతపండు పెట్టి తోమబోయింది, మూతి దగ్గర కొంచెం మెరిసింది, నేను చూసి లాక్కున్నాను.

బర్మింగ్‌హామ్_మధు:
అమ్మగారికి దండం పెట్టి చెప్పండి, ఇక చింతపండూ వద్దు, ఉప్పూ వద్దు, పీతాంబరీ వద్దు, బ్రాసో అసలే వద్దు. దేవుడి గంటలకి అది మంచిదే కానీ బ్యాడ్జికి పట్టిన ఆ ముదురు రంగు వందేళ్ల వయసుకి సాక్ష్యం. ఒకసారి పోతే మళ్లీ రాదు. పొడి మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి వదిలేయండి. ఆకుపచ్చ కిలుం ఉంటే వెదురు పుల్లతో నెమ్మదిగా గీకండి, లోహంతో గీకొద్దు.

ఇక వెనక వైపు. నాకు చాలా సంతోషంగా ఉంది. పులి ఆకారం వెనక గుంటగా కనపడటం అంటే పల్చటి రేకుని అచ్చు మీద పెట్టి ప్రెస్సుతో కొట్టారన్నమాట. అసలువి అలాగే చేస్తారు. నకిలీలు చాలావరకు పోతపోస్తారు, వాటి వెనక చదునుగా, ఇసుక గరుకుగా ఉంటుంది, చేతికి కూడా బరువెక్కువ అనిపిస్తుంది. పట్టీలకీ పులి కాళ్లకీ మధ్య ఉన్న ఖాళీలు చూడండి, అసలుదాంట్లో అంచులు నీటుగా కోసినట్టు ఉంటాయి, పోతపోసిన దాంట్లో మూలల్లో లోహం ముద్దగా మిగిలి ఉంటుంది.

రాయల్ లేకపోవడం పెద్ద ఆధారం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1946లో ఈ రెజిమెంటుకి రాయల్ బిరుదు ఇచ్చారు, అదే ఏడాది లింకన్‌షైర్, హాంప్‌షైర్ వాళ్లకి కూడా. ఆ తర్వాత పట్టీ మీద రాయల్ లీసెస్టర్‌షైర్ అని వచ్చింది. కాబట్టి మీది హవల్దార్ గారు చెప్పినట్టు కొంచెం అటూ ఇటూ వదిలినా 1940ల చివరికి ముందుది. కింది హద్దు 1890ల చివర, ఎందుకంటే మామూలు సిపాయిల టోపీకి ఇలా రెండు లోహాల బ్యాడ్జీలు అప్పుడే వాడుకలోకి వచ్చాయి. అంతకుముందు టోపీలు వేరు, గుర్తులు వేరు.

అంటే ఇప్పటికి యాభై ఏళ్ల కిటికీ ఉంది. దాన్ని చిన్నది చెయ్యాలి.

తిరుమలగిరి_సురేష్:
ఆ రెండు కొంకీలు చూసి చెప్పలేమా అన్నా? కొంకీలుంటే పాతది, స్లైడర్ ఉంటే కొత్తది అని ఎక్కడో చదివాను.

బర్మింగ్‌హామ్_మధు:
సగం నిజం. మొదట్లో కొంకీలే ఉండేవి, టోపీ గుడ్డలోంచి దూర్చి వెనక పిన్ను పెట్టేవాళ్లు. 20వ శతాబ్దం మొదటి పదేళ్లలో స్లైడర్ వచ్చింది, అంటే వెనక కిందికి దిగే పొడుగాటి రేకు నాలుక, టోపీ పట్టీలోకి జారవిడిస్తే చాలు. కానీ కొంకీలు పూర్తిగా పోలేదు, కొన్ని రెజిమెంట్లకి తర్వాత కూడా వచ్చాయి. ప్లాస్టిక్ బ్యాడ్జీలకైతే మెత్తటి రేకు కాళ్లుంటాయి, వంచి బిగించేవి. రెండో యుద్ధంలో లోహం కొరతై 1942 ప్రాంతంలో ప్లాస్టిక్‌వి చేశారు, గోధుమరంగువీ బూడిదరంగువీ, వెనక వాల్సాల్‌లోని స్టాన్లీ కంపెనీ పేరు చాలావాటి మీద ఉంటుంది.

కానీ శ్రావణి గారి దాంట్లో అసలు కీలకం కొంకీలు కాదు, మధ్యలో ఉన్న ఆ నిలువు మచ్చ. శ్రావణి గారూ, ఆ మచ్చ పొడవెంత, వెడల్పెంత, స్కేలు పెట్టి కొలిచి చెప్పగలరా? కొంకీల రంగు బ్యాడ్జి రంగుతో కలుస్తోందా లేదా కూడా చూడండి.

శ్రీకాంత్_నల్గొండ:
మధ్యలో వస్తున్నందుకు సారీ, నా అనుభవం ఒకటి చెప్పాలి, కొత్తవాళ్లకి పనికొస్తుంది. ఆరేళ్ల క్రితం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర వెల్ష్ రెజిమెంట్ బ్యాడ్జి కొన్నాను. మొదటి యుద్ధంలో టర్కీలోని గల్లిపోలి దాకా వెళ్లిందని రాశాడు. డబ్బు కట్టాను, వచ్చింది, గూట్లో పెట్టి రోజూ చూసుకునేవాణ్ణి. రెండేళ్ల తర్వాత ఒకాయన చూసి, దీనిమీద వెల్ష్ అనే మాటలో చివర ఎస్ ఉండాల్సిన చోట సి ఉందేంటి అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆ రెజిమెంటు వాళ్లు సి అక్షరంతోనే రాయాలని ఏళ్లపాటు పట్టుబట్టి 1920లో అనుమతి తెచ్చుకున్నారట. అంటే సి ఉన్న బ్యాడ్జి 1915లో గల్లిపోలికి వెళ్లే అవకాశమే లేదు. వెనక స్లైడర్ మీద జె ఆర్ గాంట్ లండన్ అని పెద్ద అక్షరాలు, అప్పుడే కొట్టినట్టు పదునుగా ఉన్నాయి. అది కూడా తర్వాత కొట్టిన నకలే అని తేలింది. డబ్బు పోయినందుకు కన్నా, రెండేళ్లు అబద్ధాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నందుకు బాధేసింది.

బర్మింగ్‌హామ్_మధు:
శ్రీకాంత్ గారూ, మీ బాధ నాకు అర్థమైంది. గాంట్ కంపెనీ నిజంగానే ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో బ్యాడ్జీలు చేసిన పెద్ద కంపెనీ, అసలు వాటి మీదా ఆ పేరుంటుంది. అందుకే నకిలీవాళ్లకి ఆ పేరంటే ఇష్టం. పేరు ఉందంటే అసలుది అని కాదు, పేరు లేదంటే నకిలీ అనీ కాదు. పాత అచ్చులే దొరికితే వాటితోనే మళ్లీ కొట్టినవి కూడా ఉన్నాయి, అవి పట్టుకోవడం ఇంకా కష్టం. అలాంటప్పుడు అరుగుదల చూడాలి. సిపాయి రోజూ పాలిష్ చేసేవాడు కాబట్టి ఎత్తుగా ఉన్న చోట్ల నున్నగా అరుగుతుంది, లోతుల్లో పాలిష్ మురికి తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. ఇసుక కాగితం పెట్టి అరగదీసిన దాంట్లో అన్నిచోట్లా ఒకేలా అరిగి గీతలు కనపడతాయి.

పేరు మారిన ఏడాదులు కొన్ని గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోతుంది. డెర్బీషైర్ అని మాత్రమే ఉంటే 1902కి ముందు, నాట్స్ అండ్ డెర్బీ అని ఉంటే తర్వాత. బెడ్‌ఫర్డ్‌షైర్‌కి హెర్ట్‌ఫర్డ్‌షైర్ కలిసింది 1919లో. మాంచెస్టర్ వాళ్లు నగర ముద్ర తీసేసి మూడు రేకుల లిల్లీ పువ్వు పెట్టుకున్నది 1923లో. మెషిన్ గన్ కోర్ 1915లో పుట్టి 1922లో పోయింది, కాబట్టి దాని అసలు బ్యాడ్జి ఏడేళ్ల లోపలిదే.

శ్రావణి_చీరాల:
కొలిచాను సార్. మచ్చ సుమారు ఏడెనిమిది మిల్లీమీటర్ల వెడల్పు, నిలువుగా పులి పొట్ట దగ్గర మొదలై కింది పట్టీ దాకా ఉంది. బూడిద రంగులో గరుకుగా ఉంది. కొంకీలు రెండూ పచ్చటి ఇత్తడి తీగ, బ్యాడ్జి ఇత్తడి కాస్త ఎర్రగా ఉంది. తీగ అతికిన చోట మాటు ముద్దలు ముద్దలుగా ఉంది, నీటుగా లేదు. అది ఫ్యాక్టరీ పనిలా అనిపించడం లేదు.

బర్మింగ్‌హామ్_మధు:
తేలిపోయింది! ఆ మచ్చ స్లైడర్ అతికిన చోటే. దీనికి మొదట స్లైడర్ ఉండేది, అది ఊడిపోయింది, తర్వాత ఎవరో మామూలు కంసాలి చేతితో తీగ వంచి కొంకీలు అతికించాడు. బ్యాడ్జి ఇత్తడిలో రాగి పాలు ఎక్కువ, అందుకే ఎరుపు. కొంకీలు మన బజారు ఇత్తడి. ముందు కొంకీలు చూసి మాత్రమే తేదీ కట్టి ఉంటే 1900కి ముందుదని తప్పు చెప్పేవాళ్లం.

స్లైడర్ ఉంది కాబట్టి కింది హద్దు 1905 ప్రాంతానికి జరిగింది. ఇక లోహం. మొదటి యుద్ధంలో 1916 నుంచి, తెల్ల లోహంలో కలిపే నికెల్ ఆదా చెయ్యాలని చాలా రెజిమెంట్లకి మొత్తం ఇత్తడితోనే బ్యాడ్జీలు కొట్టారు. మీ దాని పట్టీలు తెల్ల లోహం, పులి ఇత్తడి. అంటే ఆ పొదుపు రకం కాదు. కాబట్టి 1905 నుంచి 1916 దాకా ఒకటి, యుద్ధం అయ్యాక 1946 దాకా ఇంకోటి, ఈ రెండు కాలాల్లో ఏదో ఒకటి. ఇక్కడితో లోహం చెప్పేది అయిపోయింది. మిగతాది మీ ఇంట్లోనే దొరకాలి.

మాజీ_హవల్దార్:
శ్రావణి తల్లీ, ముత్తాతగారి కాగితాలేమైనా ఉన్నాయా? డిశ్చార్జి కాగితం ఎవరూ పారేయరు, అది ఇంటి పట్టా లాంటిది. ట్రంకుపెట్టె మూతకి లోపల అతికించిన కాగితం కిందా, దేవుడి పటం వెనకా చూడు. ఆ కొంకీలు ఎందుకు పెట్టించారో కూడా నాయనమ్మగారిని అడుగు. సిపాయి టోపీకి పెట్టుకోవడానికైతే కంటోన్మెంటులోనే బాగు చేయించుకునేవాడు. ఇది ఊళ్లో చేసిన పని.

శ్రావణి_చీరాల:
మూడు రోజులు ఆలస్యమైంది, క్షమించండి. కాగితం దొరికింది, దేవుడి పటం వెనకే! నాలుగు మడతలు పెట్టి ఉంది, మడతల దగ్గర చిరిగింది. మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ (సైన్యంలో వంతెనలు, కందకాల పని చేసే ఇంజినీరింగ్ దళం), బెంగళూరు, 1920లో డిశ్చార్జి అయినట్టు ఉంది. సర్వీసు చేసిన చోటు దగ్గర మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) అని రాశారు. ఆజాద్ హింద్ ఫౌజు 1940ల సంగతి, అప్పటికి ఆయన ఇంట్లోనే ఉన్నాడు, మగ్గం నేసుకుంటూ. ఇంట్లో ఈ మాట చెప్తే నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాయనమ్మని అడిగాను. ఆవిడకి తొంభై దాటాయి, మాట నెమ్మది కానీ జ్ఞాపకం గట్టిది. బ్యాడ్జి చేతిలో పెట్టగానే, ఇది మొలతాటి పులి కదే, నీకెక్కడిది అంది! పిల్లలకి జడుపు జ్వరం రాకుండా ఉన్నవాళ్లు పులిగోరు చేయించి కట్టేవాళ్లట, మాకు పులిగోరు కొనే స్తోమత లేక మా అత్తగారు ఈ పులిని మీ తాతయ్య మొలతాడుకి కట్టిందట, ఆ కొంకీలు అందుకే పెట్టించారట. తర్వాత నాయనమ్మ నాన్నకీ ఇద్దరు అత్తయ్యలకీ కూడా కట్టింది. పులి ముఖం ఎందుకు అంత నున్నగా అరిగిందో ఇప్పుడు అర్థమైంది, నలుగురు పిల్లల పొట్టల మీద రాసుకుని అరిగింది. తాతయ్య పుట్టింది 1922లో.

బర్మింగ్‌హామ్_మధు:
శ్రావణి గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను.

1922లో పుట్టిన బిడ్డ మొలతాడుకి కట్టారంటే బ్యాడ్జి అప్పటికే మీ ఇంట్లో ఉంది. ముత్తాతగారు 1920లో తిరిగొచ్చారు. అంటే రెండో కాలం దాదాపు కొట్టుకుపోయింది. ఇక మెసొపొటేమియా. లీసెస్టర్‌షైర్ రెండో బెటాలియన్ 1914లో మన రాణీఖేత్‌లోనే ఉంది, మీరట్ డివిజన్‌లో భాగంగా ఫ్రాన్స్ వెళ్లింది, 1916 మొదట్లో అదే డివిజన్‌తో మెసొపొటేమియా చేరింది, 1917 మార్చిలో బాగ్దాద్ పట్టుకున్న సైన్యంలో ఉంది. మద్రాస్ శాపర్స్ కంపెనీలూ అదే రంగంలో వంతెనలు కట్టాయి, కందకాలు తవ్వాయి. ఆ లీసెస్టర్‌షైర్ సిపాయిలు చాలామంది యుద్ధానికి ముందే చేరినవాళ్లు, వాళ్ల టోపీల మీద రెండు లోహాల బ్యాడ్జీలే ఉండేవి. నేనైతే 1905, 1916 మధ్య తయారైందని రాసుకుంటాను. ఎవరి టోపీ మీద నుంచి ఎలా వచ్చిందో బ్యాడ్జి చెప్పదు, నేను ఊహించను కూడా.

కాకినాడ_కిరణ్:
నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఆజాద్ హింద్ కాకపోయినా టైగ్రిస్ ఒడ్డున ఎండలో వంతెన కట్టి తిరిగొచ్చిన మనిషి, ఆ కాగితం ఉంది. దాన్ని ఫ్రేము కట్టించకముందు స్కాన్ చేయించండి, మడతలు ఇంకా చిరగకముందే.

మాజీ_హవల్దార్:
శాపర్ ఇంటి బిడ్డవి తల్లీ నువ్వు. ఆ కాగితం మీద ఉన్న నంబరూ ర్యాంకూ విడిగా ఒక పుస్తకంలో రాసి పెట్టుకో.

శ్రావణి_చీరాల:
అందరికీ పేరుపేరునా దండాలు. చివరగా ఒక ప్రశ్న. వచ్చే నెల మా అన్నయ్య కొడుక్కి బారసాల. నాయనమ్మ ఆ పులిని తనకిచ్చేయమంటోంది, మునిమనవడికి తన చేత్తో కట్టాలట. నాకు కాదనబుద్ధి కావడం లేదు. పాడవుతుందేమో అని భయం కూడా ఉంది.

బర్మింగ్‌హామ్_మధు:
కట్టనివ్వండి, కానీ బ్యాడ్జికి ఏమవుతుందో అని కాదు, బిడ్డ కోసం ఒక జాగ్రత్త. ఆ పాత మాటులో సీసం ఉంటుంది, పిల్లలు చేతికందింది నోట్లో పెట్టుకుంటారు. నాయనమ్మగారి చేతుల మీదుగా ఆ పూట కట్టించి ఫోటో తీసుకుని, సాయంత్రానికి విప్పేయండి. దారం కొంకీలకి కట్టొద్దు, ఆ సన్నం కొంకీ వదులుగా ఉన్నట్టు ఫోటోలో కనపడుతోంది. పులి కాళ్ల మధ్య ఖాళీలోంచి మెత్తటి నూలు దారం దూర్చండి. తర్వాత ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, చెమ్మ పడుతుంది, మళ్లీ అదే పట్టుచీర మడతలో పెట్టేయండి.

శ్రావణి_చీరాల:
అలాగే చేస్తాం సార్. నూలు దారం నాన్న పేనుతానంటున్నాడు.